గోడకు తాతగారు కావలెను

ఆ వీధి బాగా అభివృద్ధి చెందిన సంగతి అందరికీ తెలిసిందే. తెలియనివారికి తెలియజెయ్యడం కోసమే ప్రతి ఇంటి మీదా ఇంకో అంతస్తు లేచింది. గేట్లు పొడుగయ్యాయి, కుక్కలు పొట్టివయ్యాయి, కార్లు ఇళ్ళలో పట్టక రోడ్డు మీద పడుకోవడం నేర్చుకున్నాయి. ఇలా అన్నీ సమకూరి, ఇంక దేనికీ లోటు లేదని అందరూ నిశ్చింతగా ఉన్న సమయంలో ఆ వీధిలో తాతల కొరత ఏర్పడింది.

కొరత మొదట సిమెంటాయన ఇంట్లో బయటపడింది. సిమెంటు వ్యాపారంలో పైకొచ్చినవాడు కనుక వీధంతా ఆయన్ని అలాగే పిలిచేది. కొత్తగా కట్టిన హాలును అలంకరించడానికి వచ్చిన అమ్మాయి ఎత్తయిన గోడకేసి తల అటూ ఇటూ వంచి చూసి, "ఇక్కడ ఎవరైనా పెద్దాయన ఉంటే బాగుంటుందండీ" అంది. ఆ అమ్మాయి ఉద్దేశం బొమ్మ. సిమెంటాయన ఇంటిల్లిపాదినీ పిలిచి విచారణ జరిపాడు. ఇంట్లో రెండు ఫ్రిజ్‌లున్నాయి, ఎవరూ వాయించని పియానో ఉంది, ఎంత పరిగెత్తినా ఎక్కడికీ తీసుకెళ్ళని మెషీను ఉంది. తాత మాత్రం లేడు. అసలు లేకపోవడమేమిటి, ఉండేవాడు. కాకపోతే ఆయన బతుకంతా నెత్తిన తట్టతో గడిచింది. ఫొటో దిగడానికి తట్ట దించే తీరిక ఆయనకు దొరకలేదు.

అందుచేత సిమెంటాయన రంగులాయన దగ్గరికి వచ్చాడు.

రంగులాయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ‘ఇచ్చట’ అనే మాటను అతను రాసినంత అందంగా ఇంకెవరూ రాయలేరని ఒకప్పుడు ఊళ్ళో పెద్ద పేరు. బోర్డులు మెషీన్ల మీద అచ్చుపడడం మొదలయ్యాక ‘ఇచ్చట’ పోయింది, దానితోపాటు అతని పనీ పోయింది. మెట్ల కింద చిన్న గదిలో కూర్చుని, కడిగిన కుంచెల్నే మళ్ళీ కడుగుతూ కాలం గడుపుతున్నాడు. ఇంటిని అతని భార్య కుట్టు మిషనూ, మామగారి కుళాయి పనీ నడుపుతున్నాయి. మామగారంటే భార్య తండ్రి. కూతురి దగ్గరే ఉంటూ, చుట్టుపక్కల వీధుల్లో ఎక్కడ పైపు కారినా ఆయనే వెళ్ళేవాడు.

"మా తాతగారి బొమ్మ వెయ్యాలి. నిలువెత్తుది" అన్నాడు సిమెంటాయన.

"ఫొటో ఉందాండీ?"

"ఫొటో ఉంటే నీ దగ్గరికెందుకొస్తానయ్యా? దాన్నే పెద్దది చేయించి తగిలించుకునేవాణ్ణి."

"పోనీ, చూడ్డానికి ఎలా ఉండేవారు?"

"గొప్పగా."

"అంటే, ముక్కూ కళ్ళూ..."

"అవి కూడా గొప్పగానే ఉండేవి. కూర్చోబెట్టు. కుర్చీ చేతులకి సింహాల తలలుండాలి. ఒళ్ళో పుస్తకం ఉండాలి."

"ఏం పుస్తకమండీ?"

సిమెంటాయన కాస్త ఆలోచించి, "లావుపాటిది" అన్నాడు.

కుర్చీ వచ్చింది. సింహాలు వచ్చాయి. పుస్తకం చక్కగా కుదిరింది. మొహం దగ్గరే చిక్కొచ్చి పడింది. రంగులాయన ఊహించి వేసిన మొహాలన్నీ ఏ తైలం సీసా మీదో చూసినట్టుండేవి. విసుగొచ్చి కుంచె పక్కన పెట్టిన వేళకి, మామగారు పని నుంచి వచ్చి, గడప మీద కూర్చుని, కూతురిచ్చిన కాఫీ ఊదుకుంటున్నాడు. అల్లుడు ఆయన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. పొడవాటి ముక్కు, వెడల్పు నుదురు, గుబురు కనుబొమలు. పైపులో నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో చెవితో పసిగట్టే అలవాటు వల్ల, తల ఎప్పుడూ కొంచెం పక్కకి వంచి, ఎక్కడో దూరాన జరిగేది వింటున్నట్టుంటాడు. గోడమీదికి ఎక్కితే అది మహా చింతనగా కనిపిస్తుందని రంగులాయనకు తట్టింది.

"మామా, కాసేపు కదలకుండా కూర్చోవాలి."

"ఎందుకు?"

"సిమెంటాయనకి తాతగా."

"ఓరి! ఆ ఇంటి పైపులన్నీ నేను వేసినవే. వాడు నా మనవడని ముందే తెలిస్తే కాఫీ అడిగి తాగేవాణ్ణి కదా" అని మామగారు గడప మీదే సర్దుకుని కూర్చున్నాడు.

రంగులాయనకు ఒకటే భయం. రేపు ఎవరైనా గుర్తుపడితే? ఆ మాటే అడిగాడు. మామగారు నవ్వాడు.

"అల్లుడూ, నేను ఏ ఇంటికెళ్ళినా సింకు కింద దూరతాను. వాళ్ళు ఇన్నాళ్ళూ చూసింది నా కాళ్ళు. మొహం నీ ఇష్టమొచ్చినట్టు వేసుకో. కాళ్ళు మాత్రం మార్చెయ్యి."

ఆ సలహా మేరకు సిమెంటాయన తాతగారికి బూట్లు తొడిగారు.

బొమ్మ ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. సిమెంటాయన గద్గద స్వరంతో ప్రసంగించాడు. "మా తాతగారు మితభాషి. నా చిన్నప్పుడు వేలు పట్టుకుని నడిపిస్తూ, ‘నాయనా, విలువలు’ అన్నారు. అంతే. మళ్ళీ మాట్లాడలేదు. ఆ ఒక్క మాట మీదే ఈ భవనం నిలబడింది." సభికులు చప్పట్లు కొట్టారు. భవనం పిల్లర్ల మీద నిలబడిందని తెలిసిన మేస్త్రి కూడా కొట్టాడు. వెనక బల్ల మీద కూర్చున్న రంగులాయనకు కళ్ళు చెమర్చాయి. తను వేసిన బొమ్మ తనకే తాతలా కనిపించింది.

తాతగారు గోడెక్కిన దగ్గర్నుంచీ ఆ ఇల్లు మారిపోయింది. అంతకుముందు సిమెంటాయన భార్య బాల్కనీలో నిలబడి కేకేస్తే వీధి చివర కూరల బండి ఆగిపోయేది. తాతగారి చూపుకి జంకి ఆవిడ గొంతు తగ్గించింది. ఇంట్లో మాంసం వండడం మానేశారు. దాన్ని హోటలుకెళ్ళి తిన్నారు. నవ్వేటప్పుడు పళ్ళు కనిపించకుండా జాగ్రత్తపడ్డారు. "మా వంశంలో ఆడవాళ్ళు దుకాణాల్లో కూర్చోరు" అని సిమెంటాయనకు ఒక ఉదయం హఠాత్తుగా జ్ఞాపకం వచ్చింది. సిమెంటు దుకాణాన్ని మొదటి బస్తా నుంచీ నిలబెట్టింది ఆవిడే. అయినా వంశగౌరవం ముందు అదెంత? ఆవిడ గల్లా దిగి, ఇంటికొచ్చి, పియానో తుడుస్తూ కూర్చుంది. వంశం ఆ విధంగా ఒక మెట్టు పైకెక్కింది.

ఎదురింటి లారీలాయనకు అన్నం సయించలేదు. ఊళ్ళో లారీల్లో సగం ఆయనవే. ఆయన పరుగున రంగులాయన గదికి వచ్చాడు.

"వాళ్ళ తాత కూర్చున్నాడు కదా? మా తాత నిలబడాలి."

"నిలబెడతానండి."

"వాళ్ళాయనకి మీసాలెంత?"

"మధ్యరకంవండి."

"మావాడికి చెవులదాకా లాగు."

ఆ తరువాత ట్యూషన్ సెంటరు నడిపే ఆయన వచ్చి తాతను గుర్రం ఎక్కించమన్నాడు. మందుల షాపాయన కత్తి పెట్టించాడు. వీధిలో ఒక్కొక్క ఇల్లే వంశోన్నతి సాధించింది. మీసాలు, తలపాగా, కళ్ళజోడు — వీటిని అటూ ఇటూ మారిస్తే ఒక్క మామగారితో వీధి మొత్తాన్ని తరింపజెయ్యవచ్చని రంగులాయన అనుభవం మీద కనుక్కున్నాడు. గుర్రానికి మాత్రం వేరే మొహం వాడాల్సి వచ్చింది.

వీధి మొదట్లో ఒక పాత మేడ ఉండేది. అందులో రిటైరైన జడ్జిగారు కాపురం. వీధికంతటికీ నిజమైన తాత ఫొటో ఉన్నది ఆ ఇంట్లోనే. దాన్ని చూసే మిగతావాళ్ళకు ఈ బుద్ధి పుట్టిందని కూడా చెప్పుకుంటారు. అలాంటి జడ్జిగారు ఒకరోజు సంకోచంగా మెట్లకిందికి వంగి వచ్చి, సంచిలోంచి ఆ ఫొటో తీశారు. చిన్న ఫొటో. అందులో ఒక పొట్టిమనిషి, కొంచెం మెల్లకన్ను, చొక్కాకి ఒక గుండీ తప్పు పెట్టుకుని, కెమెరాని చూసి హాయిగా నవ్వుతున్నాడు.

"మా ఇంట్లోవాళ్ళు అదేపనిగా పోరుతున్నారయ్యా" అన్నారు జడ్జిగారు. "మా తాతగారు తాతగారిలా లేరట."

"ఎలా ఉండాలంటారండీ?"

జడ్జిగారు గొంతు తగ్గించి, "వాళ్ళ తాతల్లా" అన్నారు.

రంగులాయన ఫొటో చూసి పెద్ద బొమ్మ గీసి, అందులో ఆ నవ్వు తుడిచేశాడు. మెల్లకన్ను సరిచేశాడు. మామగారి ముక్కు తెచ్చి పెట్టాడు. వీధిలో ఉన్న ఒకే ఒక్క అసలు తాత కూడా, ఎవరికీ ఇబ్బంది లేకుండా, అందరిలో కలిసిపోయాడు. తుడవడానికి రంగులాయనకు వెంటనే మనసొప్పలేదు. ఆ పొట్టిమనిషి నవ్వు అంత బాగుంది. అయితే బాగున్నవన్నీ గోడ మీదికి పనికిరావని అతనికి అప్పటికే తెలిసిపోయింది.

ఇలా వీధి సంస్కారవంతంగా సాగిపోతుండగా, వీధి సంఘం వార్షికోత్సవానికి ఒక ప్రొఫెసరుగారిని పిలిచారు. సమాజంలో వచ్చే మార్పులు ఆయన చదువు. ఎవరు ఎవర్ని చూసి ఏం మానేశారో, ఎవరు ఎవర్ని చూసి ఏం మొదలెట్టారో ఆయన లెక్క కట్టగలరు. తాతలందరినీ వరసగా దర్శించి వచ్చి, మైకు ముందు నిలబడి, ఆయన ఒక్క ముక్క అన్నారు: "గొప్ప ఇంట పుట్టి గొప్పవాడవడంలో విశేషమేముంది? ఏమీ లేని ఇంట పుట్టి ఇంతవాళ్ళయినవారికే నా నమస్కారం. అలాంటివారు ఈ వీధిలో ఎవరైనా ఉంటే నిలబడండి."

ఎవరూ నిలబడలేదు. ఒక్కళ్ళు కూడా. నిలబడవలసినవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రొఫెసరుగారు నిరాశగా శాలువా పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ మర్నాడు పేపర్లో పక్క వీధివాళ్ళ ఫొటో పడింది. వాళ్ళ సభలో నిలబడినవాళ్ళకు ప్రొఫెసరుగారు స్వయంగా శాలువాలు కప్పారట.

సిమెంటాయన ఆ పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఆ పుస్తకం తీసెయ్యాలి."

"తీసేసి?"

"తట్ట పెట్టు."

రంగులాయన కుంచె వెతుక్కుంటున్నాడు. సిమెంటాయన నేలకేసి చూస్తూ, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "అసలు ఆయన మోసింది తట్టేనయ్యా" అన్నాడు. "ఇసక తట్ట. సాయంత్రం దించాక మెడ ఇటు తిరిగేది కాదు. మా నాయనమ్మ వేడి గుడ్డ వేసేది." 

రంగులాయన కుంచె వెతకడం ఆపాడు. తలెత్తి చూస్తే సిమెంటాయన మొహం ఎవరిదో వేరే మనిషిదిలా ఉంది. ఇదుగో, ఇప్పుడు ఈయన్ని వెయ్యాలి అని రంగులాయనకు అనిపించింది. ఈలోగా ఆయన తేరుకున్నాడు.

"అయితే తట్ట మరీ మాసినట్టుండకూడదు. చెమట పట్టినా అందులో విలువలు మెరవాలి."

ఆ నెలలో వీధి మొత్తం బీదదైపోయింది. లారీలాయన తన తాత చొక్కా చింపించాడు. అది చూసి మందుల షాపాయన చొక్కాయే తీసేయించాడు. ట్యూషన్ సెంటరాయన గుర్రాన్ని అలాగే ఉంచి, తాతను కిందికి దించి, చేతికి గడ్డిమోపు ఇప్పించాడు. జడ్జిగారి ఇంట్లో ఏ తరంలోనూ బీదరికం లేదు. ఆ లోటుకు ఆయన చాలా బాధపడి, చివరికి మోచేతి దగ్గర చిన్న అతుకుతో సరిపెట్టుకున్నారు. అందరికీ బూట్లు ఊడిపోయాయి. మామగారు ఈసారి కాళ్ళు కూడా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ దెబ్బతో పూర్తిగా తాతనయ్యాను" అన్నాడు తృప్తిగా.

తలపాగాలూ మీసాలూ కళ్ళజోళ్ళూ పోయాక బొమ్మల్లో ఏం మిగిలిందో, పనుల తొందరలో రంగులాయన ఆలోచించలేదు.

అది పెళ్ళిమాటల రోజున బయటపడింది. సిమెంటాయన కూతురూ లారీలాయన కొడుకూ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడ్డారు. ఇద్దరి ఇళ్ళకీ అంతస్తులు సమానంగా ఉండడం వల్ల పెద్దలు ప్రేమకు విలువిచ్చారు. లారీలాయన కుటుంబం, ఆయన అక్కగారితో సహా, ఎదురింటి హాల్లో కూర్చుంది. అక్కగారు మంచి మాటకారి. కాఫీ అందుకుని, ఊది, ఒక గుటక వేసి, తలెత్తి గోడ చూసింది. రెండో గుటక దిగలేదు.

"ఒరే తమ్ముడూ, ఈయన మన తాతయ్య కదరా! మన తాతయ్య వీళ్ళ గోడ మీదేం చేస్తున్నాడు?"

అందరూ చూశారు. అదే ముక్కు. అదే నుదురు. అదే దూరాన వినే చెవి.

"మీ తాతేమిటండీ, ఆయన మా తాతగారు" అన్నాడు సిమెంటాయన.

"మా నాన్నని కన్న తాతయ్యని నేను గుర్తుపట్టనా?" అంది అక్కగారు. ఆవిడ కూడా ఆ తాతను మొదటిసారి చూసింది రంగులాయన పంపిన రోజునే. అయినా అప్పట్నుంచీ రోజూ దణ్ణం పెట్టుకుంటోంది. "ఇద్దరికీ ఒకే తాతయితే మీరూ మా తమ్ముడూ అన్నదమ్ములు. అంటే పిల్లలిద్దరూ... ఇంకేముంది, అన్నాచెల్లెళ్ళు!"

కాఫీ కప్పులు కిందికి దిగాయి.

ఇద్దరు తండ్రులకూ అసలు సంగతి తెలుసు. నోరు విప్పితే పెళ్ళి నిలుస్తుంది, తాత పోతాడు. విప్పకపోతే తాత నిలుస్తాడు, పెళ్ళి పోతుంది. ఇద్దరూ వేరు వేరుగా, చాలా లోతుగా ఆలోచించి, తాత వైపే మొగ్గారు. సంబంధాలు వెతికితే దొరుకుతాయి. స్థిరపడిన వంశం మళ్ళీ దొరుకుతుందా?

ఆ సాయంత్రం సిమెంటాయన కూతురు మెట్ల కింది గదికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"ఆ బొమ్మ ఎవరిదో చెప్పండి. మీకు తెలియకుండా ఉండదు."

రంగులాయన నీళ్ళు నమిలాడు. ఒక్క బొమ్మ గుట్టు బయటపడితే వీధంతా తన మీద పడుతుంది. అతను ఇంకా మాటలు కూడదీసుకుంటుండగానే, ఆ అమ్మాయి మూల కూర్చుని అన్నం తింటున్న మామగారిని చూసింది. చూసి, దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూసింది.

"మీరే కదూ?"

మామగారు కంగారుగా ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ ఇంటివాళ్ళు ఆయన మొహంలోకి చూడడం అదే మొదలు.

"నేనేనమ్మా" అన్నాడు.

"రేపు వచ్చి మావాళ్ళతో ఆ మాట చెప్తారా?"

ఆయన అల్లుడి వైపు చూశాడు. రంగులాయన భార్య మిషను ఆపి, "చెప్పండి నాన్నా" అంది. మొగుడి వైపు తిరిగి, "ఆడపిల్ల ఏడుస్తుంటే నీ బొమ్మలేనా నీకు?" అంది. రంగులాయన తల ఊపాడు. పోతే పోనీ, మళ్ళీ కుంచెలు కడుక్కుంటాను అనుకున్నాడు. ఆ క్షణాన అతను నిజంగానే అలా అనుకున్నాడని చరిత్రలో నమోదు కావడం మంచిది. తరవాత పనికొస్తుంది.

మర్నాడు రెండు కుటుంబాలూ సంబంధం మర్యాదగా వదులుకోవడానికి సిమెంటాయన హాల్లో సమావేశమయ్యాయి. రంగులాయన ముందు గేటు లోంచి వచ్చాడు. మామగారికి వాచ్‌మన్ పక్క సందులోకి దారి చూపించాడు. ఆయన వంటింటి గుమ్మం మీదుగా వస్తుంటే, సిమెంటాయన భార్య సంచీ చూసి, "వచ్చావా, మేడ మీద కుళాయి కారుతోంది" అంది. ఆయన మేడ మీదికి వెళ్ళకుండా నేరుగా హాల్లోకి నడిచి, బొమ్మ కింద నిలబడ్డాడు.

"అయ్యా, ఈ బొమ్మలో ఉన్నది నేను. ఈయన మీ తాతా కాదు, వాళ్ళ తాతా కాదు. పిల్లల్ని విడదియ్యకండి."

 అందరూ బొమ్మను చూశారు. ఆయన్ని చూశారు. మళ్ళీ బొమ్మను చూశారు. 

"పోలికే లేదు" అంది అక్కగారు.

"ఎక్కడా లేదు" అన్నాడు లారీలాయన.

"మా తాతగారి కళ్ళలో తేజస్సేమిటి, ఇతనేమిటి!" అన్నాడు సిమెంటాయన.

"నాన్నా, సరిగ్గా చూడండి! ఆ ముక్కు చూడండి!" అని కూతురు అరిచింది.

"ముక్కు అందరికీ ఉంటుందమ్మా" అన్నాడు తండ్రి. మొహం ఎర్రబడింది. "ఏమయ్యా, పైపులు కట్టుకునేవాడివి, మా తాతనంటావా? ఎంత పొగరు!"

"ఆయన మా తాత కూడానండోయ్" అన్నాడు లారీలాయన లేచి నిలబడి. "ఈ మాట మా ఇంటికీ తగిలింది."

నిన్నటినుంచీ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ రెండు కుటుంబాలూ మొదటిసారి ఏకమయ్యాయి. ఉమ్మడి తాతకు జరిగిన అవమానాన్ని ఉమ్మడిగా ఖండించాయి. రంగులాయన నోరు తెరిచి, చుట్టూ చూసి, మళ్ళీ మూసుకున్నాడు. బొమ్మలు తన చేతిని దాటిపోయాయని అతనికి అర్థమైంది. అందులో కొంత దిగులూ, చెప్పుకోకూడనంత ఊరటా ఉన్నాయి.

మామగారు సంచీ భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "తాత ఒక్కడే అయితే అయ్యాడు, ఒకళ్ళకి అమ్మ వైపు తాత అనుకుంటే సరిపోయె కదమ్మా" అని, కుళాయి చూడ్డానికి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి అక్కగారు ఒళ్ళు విరుచుకుని, "నాకిప్పుడే ఒకటి తడుతోంది" అంది. "ఒరే తమ్ముడూ, నువ్వు పొరబడ్డావేమో. ఆ తాత నీ తాత కాదు, నీ పెళ్ళాం తాత!"

హాల్లో అందరూ వేళ్ళ మీద వరస కట్టుకున్నారు. పెళ్ళాం తాతయితే, లారీలాయన భార్యా సిమెంటాయనా అన్నాచెల్లెళ్ళు. పిల్లలిద్దరూ బావా మరదళ్ళు! నిన్నటిదాకా పనికిరాని సంబంధం ఇప్పుడు వేరే ఎక్కడా చెయ్యకూడని సంబంధమైపోయింది. పొద్దుటిదాకా ఆ తాతకు రోజూ దణ్ణం పెట్టుకున్న సంగతి అక్కగారు అక్కడికక్కడే మరిచిపోయింది. లారీలాయన భార్యకు తన ఇంటి గోడల మీద మేకు దిగేంత చోటు కూడా ఎప్పుడూ ఉండేది కాదు. ఒక్కసారిగా ఆవిడకు నిలువెత్తు తాత దొరికాడు. తాత అంగుళం కదలలేదు. ఇల్లంతా ఆయన చుట్టూ జరిగి సర్దుకుంది.

పెళ్ళి అయింది. ప్రొఫెసరుగారు వచ్చి, ఈ వీధి మార్పును ఆహ్వానించే తీరు దేశానికే ఆదర్శమన్నారు. ఎన్నాళ్ళుగానో మిగిలిపోయిన శాలువాలు కప్పారు.

రంగులాయన దగ్గరికి పక్క ఊళ్ళ నుంచి కూడా తాతల కోసం రావడం మొదలుపెట్టారు. కుట్టు మిషను మూలకు చేరింది. కొంతకాలానికి అదే వీధి చివర అతను కూడా రెండంతస్తుల ఇల్లు కట్టాడు. పైపులు మామగారే వేశాడు. హాల్లో పెద్ద గోడ వచ్చింది. ఆ గోడకు ఏం కావాలో రంగులాయనను ఎవరూ అడగనక్కర్లేదు. చెయ్యి తిరిగిన మొహమే కదా. తన జన్మలో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. అడిగినవాళ్ళకు మా తాతగారని చెప్పాడు.

కొత్త ఇంటి విందుకు వీధి పెద్దలంతా వచ్చారు. ముందు గుమ్మం నుంచే వచ్చారు, రంగులాయనను ‘గారు’ అని పిలిచారు. భార్య కొత్త చీరలో, ఎన్నడూ లేనంత మెల్లగా మాట్లాడుతోంది. జడ్జిగారు బొమ్మ ముందు నిలబడి చేతులు జోడించారు. "మీ తాతగారిలో ఎంత హుందాతనమండీ!" అన్నాడు సిమెంటాయన. 

సరిగ్గా అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. ఆఖరి కుళాయి బిగించి, చేతులు తుడుచుకుంటూ, చేతిలో రెంచితో మామగారు హాల్లోకి వచ్చాడు. మొహమంతా నవ్వు. బొమ్మ కిందికొచ్చి, అల్లుడి పక్కన నిలబడ్డాడు.

గుర్తుపడతారన్న భయమైతే రంగులాయనకు లేదు. ఆ భయం అక్కర్లేదని అతను తన కళ్ళతోనే చూశాడు. మరి ఎందుకో తెలియదు. సిమెంటాయన చూస్తున్నాడు. జడ్జిగారు చూస్తున్నారు. రంగులాయన నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఏమయ్యా, కుళాయి పని అయిపోయిందా?"

మామగారు అల్లుడి మొహంలోకి చూశాడు. తల కొంచెం పక్కకి వంచి, ఎక్కడో ఏదో ఆగిపోయిన చప్పుడు వింటున్నట్టు, ఒక్క క్షణం అలాగే ఉన్నాడు.

"అయిపోయిందండీ" అన్నాడు.

ఆయన కూతురు చీర కొంగు సర్దుకుంది.  అతిథుల్లో సిమెంటాయన కూతురు ఒక్కతే చటుక్కున తలెత్తింది. నోరు తెరవబోయింది. పక్కనే అత్తగారు, తన తాతగారి గురించి ఎవరికో గర్వంగా చెబుతోంది. ఆ అమ్మాయి నోరు మూసుకుంది.

మామగారు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. దారి చూపించాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఆ తరవాత కాఫీలు వచ్చాయి. రంగులాయన తన కప్పు తాగకుండానే పక్కన పెట్టేశాడు. భోజనాలు బ్రహ్మాండంగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. చివర్లో తాతగారి బొమ్మ కింద నిలబడి గ్రూపు ఫొటో దిగారు. ఆ ఫొటో ఇప్పటికీ ఆ హాల్లో ఉంది. అందులో వెనక వరసలో, చిరునవ్వుతో, చేతులు కట్టుకుని నిలబడ్డది మీరేనని కొందరంటారు. మీరు కాదనే అంటారు. మొహం సరిగ్గా పడలేదు కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు.